పాలీహౌస్ తెరల తాళ్లు

మావా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నీ మీద కోపం మాత్రం ఇంకా పోలేదు.

సముద్రం గాలికి మన పాలీహౌస్, ఆ ప్లాస్టిక్ పందిరి, ఎగిరిపోతుందని పక్క తెరలన్నీ దించి కొబ్బరి తాళ్లతో బిగించేశావు. లోపల థర్మామీటరు నలభై దాటి, కీర దోస పూతంతా రాలిపోతుంటే తెరలెత్తమని ఎన్నిసార్లు మొత్తుకున్నాను?

"నీకేటి తెలుసే? గాలొత్తే గుడ్డముక్క మిగల్దు" అని కసిరావు. ఆ ఆవిరిలోనే మిట్టమధ్యాహ్నం దాకా తీగలు కడుతూ, నేను తెచ్చిన నీళ్లు కూడా ముట్టకుండా, అక్కడే కుప్పకూలిపోయావు.

ఈ పంటకి ఆ తాళ్లన్నీ కొడవలితో కోసేశాను. పొద్దెక్కగానే తెరలెత్తుతున్నాను, గాలి పెరిగితే దించుతున్నాను. ఏదీ ఎగిరిపోలేదు. పూత నిలిచింది.

ఇవాళ తొలి కోత. పూండి నుంచి వచ్చిన వ్యాపారి కాయలు చూసి, "మీ ఆయనుంటే ఎంత సంబరపడీవోడో సెల్లీ" అన్నాడు. ఒళ్లు మండిపోయింది. నువ్వుంటే ఆ తాళ్లూ ఉండేవని అతనికేం తెలుసు?

నిన్ను తిట్టి తిట్టి చివరికి ఒకచోట ఆగిపోతున్నాను మావా. ఈ కొడవలి నిరుడు కూడా పాలీహౌస్ గుమ్మానికే వేలాడుతూ ఉండేది. నీళ్లచెంబు పట్టుకుని రోజూ దాని పక్కనే నిలబడ్డాను.