బాపు పిన్

బీదర్, గురువారం రాత్రి

కంప్యూటర్ కొన్న రోజు అందులో అందరి ఖాతాలూ నేనే తెరిచాను. నాన్నే ఇంటి పెద్ద కదా అని అడ్మినిస్ట్రేటర్‌గా బాపు పేరు పెట్టి, నేను మామూలు ఖాతా ఉంచుకున్నాను. చదువు రాని మనిషి, తెర మీద తన ఫోటో చూసుకుని ఎంత మురిసిపోయాడో. పిన్ అంకెలు నేనే వేలు పట్టి నొక్కించాను. "ఇది నీకొక్కనికే తెల్వాలె బాపూ, నేను మర్చిపోత" అన్నాను.

ఈ సాయంత్రం పుణె ఉద్యోగానికి ఇంటి నుంచే రాసే పరీక్ష యాప్ ఎక్కించబోతే కంప్యూటర్ అడ్మినిస్ట్రేటర్ అనుమతి కావాలంటూ బాపు పిన్ అడిగింది. ఆయన్ని పిలిచాను.

"కొలువు ఏడ బిడ్డా?"

"పుణెల."

"ఒక్కదానివే ఉంటవా?"

నేను కీబోర్డు ఆయన వైపు జరిపాను.

"దీంట్ల నన్ను పెద్దను చేసింది నువ్వే గదా. నన్నే అడుగుతాంది. నేనొద్దంటున్న."

కోపంగా కూడా అనలేదు. చేతులు కడుక్కుని జొన్నరొట్టె ముందు కూర్చున్నాడు. అమ్మ నా వైపు చూడలేదు.

ఆ నాలుగు అంకెలు నేను మరిచిపోలేదు. ఆయన తిని బయటికి వెళ్ళాక మూడు నొక్కాను. నాలుగోదాని మీద వేలు ఆగిపోయింది. అలాగే కూర్చున్నాను. కాసేపటికి తెర దానంతట అదే ఆరిపోయింది.

పరీక్ష రేపు పొద్దున తొమ్మిదింటికి.