క్రోమియం చక్రాలు, వాన

1929 శ్రావణం, శుక్రవారం రాత్రి

సైకిలు చక్రాలకు క్రోమియం పూత వేయించిన బి.ఏ. పట్టభద్రుణ్ణి నేనే. పూతతో బరువు పెరిగిందేమీ లేదు, పరుగూ తగ్గలేదు. కాని సాయంత్రం వానలో, బలిఘట్టం దారిలో బ్రేకు నొక్కితే రబ్బర్లు ఆ తడి నునుపు మీద జారిపోయాయి. ఎదురొచ్చిన గేదె పెద్దమనసుతో తప్పుకోబట్టి బతికాను. తెల్లవారగానే నాన్నగారు అదే సైకిలు మీద గొలుగొండ వెళ్తారు. వాన ఆగలేదు.

“నాన్నగారండీ, తడిస్తే బ్రేకు పట్టదండీ. నిజం!”

“మళ్లీ ఏటిరా నీ ఏళాకోళం? బేగి పోయి తొంగో!” అని నవ్వారు.

ఇన్నేళ్ల వేళాకోళాలకు ఇదా శిక్ష? చేసేది లేక రెండు టైర్లలోనూ గాలి తీసేసి వచ్చాను.

ఇప్పుడు వసారాలో నాన్నగారు పంపు కొడుతున్న చప్పుడు వినబడుతోంది.