రెండో క్రేన్ సిగ్నల్‌మన్‌ను తిరిగి తీసుకొనుట గురించి

భద్రతాధికారి గారి సముఖమునకు,
రెండో నంబరు టవర్ క్రేన్ మాజీ ఆపరేటరు వ్రాసుకొన్న అర్జీ.

విషయం: సెన్సర్లు వచ్చినందున స్టోరుకు మార్చి, పిమ్మట తీసివేసిన సిగ్నల్‌మన్‌ను తిరిగి నియమించుట, మరియు గత నెల రెండో మంగళవారపు రిపోర్టును సరిదిద్దుట గురించి.

అయ్యా,

1. నేను సెన్సర్లకు వ్యతిరేకిని కానని ముందుగా మనవి చేయుచున్నాను. ఆరో అంతస్తు స్లాబు కింద సపోర్టులు ఒరుగుతున్న సంగతి మనిషి కంటికి ఆనకముందే అవి కూత పెట్టినవి. ఎనిమిది మంది దిగి వచ్చాకే స్లాబు కూలినది. వారిలో ఒకామె తన టిఫిన్ డబ్బా పైనే ఉండిపోయిందని ఏడ్చింది. అందరూ నవ్వారు. డబ్బాతో పోయింది గనుక నవ్వగలిగారు.

2. పిమ్మట క్రేనుకు కూడా సెన్సర్లు, కొక్కెం దగ్గర కెమెరాలు అమర్చి, గాలి వేగము, బరువు, కొక్కెం ఊగుడు తెర మీదే కనిపించుచున్నందున, కింద నిలబడి దారి చెప్పే సిగ్నల్‌మన్ అవసరము లేదని తమరు ఉత్తర్వు ఇచ్చి, అతనిని స్టోరుకు మార్చినారు.

3. అతను నాకు చుట్టం కాడు. పదకొండేళ్లు వాకీటాకీలో నా చెవిన పడిన గొంతు. "బావా, కొంచెం ఎడమకి. ఇంకొంచెం. చాలు. పొద్దున ఏమైనా తిన్నావా?" అనేవాడు. నా భార్య పోయాక ఆ మాట అడిగింది అతనొక్కడే. అతను స్టోరుకు వెళ్లాక, పొద్దున ఎక్కితే సాయంత్రం దిగేదాకా నోరు విప్పే పని లేకపోయింది. ఒకరోజు గేటు దగ్గర "వెళ్లొస్తా" అన్నాను. కాపలాదారు ఫోనులో ఉన్నాడు.

4. పై తెలిపిన మంగళవారం పదిన్నరకు క్యాబిన్‌లో నాకు ఛాతీలో నొప్పి వచ్చినది. చేతిలోని లీవరు వదిలేసి కింద పడిపోయాను. అలారం మీటకు చేయి అందలేదు. తెర మాత్రం కనిపిస్తూనే ఉంది. గాలి: మామూలు. బరువు: లేదు. ఆపరేటరు: స్థానంలో ఉన్నాడు. ఆపరేటరును కనిపెట్టే సెన్సరు నా హెల్మెట్‌లో ఉంది, హెల్మెట్ సీటు పక్క మేకుకు ఉంది. గంటా పది నిమిషాలు తెర మీది ఆ పచ్చ దీపాన్ని చూస్తూ పడి ఉన్నాను. అది అబద్ధం చెప్పలేదు. నా సంగతి దాన్ని ఎవరూ అడగలేదంతే.

5. కొక్కెం ఒకే చోట వేలాడుతుండడం స్టోరు గుమ్మంలోంచి చూసింది సిగ్నల్‌మన్. కంట్రోల్ రూముకు వెళ్లి చెబితే, "అంతా పచ్చగానే ఉందయ్యా, నీ పని చూసుకో" అన్నారట. వాచిన మోకాలితో రెండు వందల పన్నెండు మెట్లూ ఎక్కి వచ్చాడు. "బావా, పలకవేం?" అన్నాడు. అప్పుడు ఏడ్చాను. నొప్పికి కాదు.

6. నన్ను దింపి ఆసుపత్రికి చేర్చినారు. ఇంకో అరగంట ఆగితే దక్కేవాడు కాదని డాక్టరు చెప్పినారు. ఆ రోజు రిపోర్టులో మాత్రం "సంఘటనలు ఏవీ లేవు" అని ఉన్నది. అనుమతి లేకుండా స్టోరు వదిలినందుకు అతనికి మెమో ఇచ్చి, నెలాఖరుకు ఉద్యోగంలోంచి తీసివేసినారు. అతను తన అన్నగారి ఊరికి వెళ్లిపోయాడు. నేను ఫోను చేస్తే, "నేను బాగానే ఉన్నాలే బావా" అని పెట్టేస్తున్నాడు.

7. నన్ను ఇక క్రేన్ ఎక్కవద్దన్నారు. కావున ఇది నా కోసం అడుగుట లేదు. నా సీటులో ఇప్పుడు వేరే మనిషి కూర్చుని ఉన్నాడు. అతనికి కింద నుంచి ఒక గొంతు కావలెను. సెన్సర్లను ఉండనిచ్చి, సిగ్నల్‌మన్‌ను వెనక్కి పిలిపించి, మెమోను రద్దు చేసి, ఆ రోజు క్యాబిన్‌లో ఒక మనిషి పడిపోయాడని రిపోర్టులో ఒక్క వాక్యం చేర్చగలరు.

ఈ నాలుగు ముక్కలూ ఓపికతో చిత్తగించవలెనని వేడుకొనుచు,

తమ విధేయుడు,
మాజీ ఆపరేటరు, రెండో నంబరు క్రేన్

తా.క.: జవాబు కాగితం మీద పంపనక్కరలేదండీ. ఫోను చేయండి. పగలంతా గదిలోనే ఉంటున్నాను. ఇంకా ఏమీ తేల్చలేదని చెప్పడానికైనా సరే, చేయండి.