ముప్ఫై ఏడో మైలుకు రెండు మార్కులు

కెస్ట్రెల్ కోవ్,
6 నవంబరు 1974, బుధవారం.

మిత్రుడు ఎమ్మెట్ రస్క్‌కు,

వెర్నా ఆస్ట్లీ నమస్కరించి వ్రాయునది. నువ్వూ ఐడా క్షేమమని తలుస్తాను. యోగక్షేమాలు అడిగే చనువు నాకింకా మిగిలిందో లేదో తెలియదు. నా గొంతు వినగానే ఫోను పెట్టేస్తున్నావు కనుక ఉత్తరం రాస్తున్నాను.

శుక్రవారం వాన మొదలయ్యేలోగా మీరిద్దరూ ఇల్లు ఖాళీ చేయాలి. మీ ఇంటికి సరిగ్గా పైన, ముప్ఫై ఏడో మైలు దగ్గర, జనం కార్లు ఆపి సముద్రం చూసే మలుపు కదులుతోంది.

సోమవారం అక్కడ తారులో సన్నని పగులు చూశాను. పెన్సిలు సగం దిగి ఆగింది. మంగళవారం అదే పగులులో కొలబద్ద మూరెడు దిగింది. దిగువన నేను కొట్టించిన ఫర్ చెట్ల మొదలొకటి కాలితో నెట్టాను. నానిన రొట్టెలా ఊడి వచ్చింది. పైన ఒకాయన రాతిగోడ మీద పిల్లల్ని కూర్చోబెట్టి ఫొటో తీస్తున్నాడు. వెళ్ళిపొమ్మంటే, "బోర్డు పెట్టి పిలిచింది మీరే కదమ్మా" అని నవ్వాడు.

ఆ 'సుందర రహదారి' బోర్డు కోసమే కదా అదంతా. సుందర రహదారుల చట్టం వచ్చిన మూడో ఏట, అరవై ఆరులో, నువ్వు కారు నడుపుతుంటే కిటికీలోంచి కనిపించినదానికి మైలుకింతని నేను మార్కులు వేశాను. చెట్లు కమ్ముకున్నచోట 'దృశ్యం లేదు' అని రాశాను. ముప్ఫై ఏడో మైలుకు రెండు మార్కులు తగ్గాయి. ఆ ఏటి వానలకు ముందే నలభై చెట్లు కొడితే వస్తాయన్నాను. "చెట్టు దృశ్యం కాదా? నీ ఫారంలో దానికి గడి లేకపోతే ఫారం మార్చుకో, కొండ జోలికెందుకు?" అన్నావు. ఊరి సభలో నేను, మొదళ్ళు వదిలేస్తున్నాం, వేళ్ళు తరతరాలు మట్టిని పట్టుకుంటాయని చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. నువ్వు లేచి వెళ్ళిపోయావు.

ఆదివారం ఆ మలుపులోనే కొత్త శిలాఫలకం ఆవిష్కరణ. పగులు సంగతి చెబితే మా రహదారి శాఖ అధికారి, "ఇన్నేళ్ళు ఆగిన కొండ నాలుగు రోజులు ఆగదా వెర్నా?" అన్నాడు. నిన్న సాయంత్రం నేను అడ్డుపెట్టిన బల్లలను ఈ ఉదయానికి ఎవరో తీసి గోడవార పొందికగా పేర్చారు.

నా మీద కోపం ఉంచుకో. ఇల్లు మాత్రం వదులు.

నీ మేలు కోరే
వెర్నా

తా.క. మట్టి పరీక్ష ఎవరైనా చేశారా అని ఆ సభలో నువ్వు అడిగావు. లేదన్నాను. చేసింది నేనే. "నరికిన చెట్ల వేళ్ళు ఎనిమిది వానాకాలాలు పట్టుకుంటాయి, ఆపైన ఆశించరాదు" అని రాసిన పేజీని ఫైల్లోంచి తీసేసిందీ నేనే. దాని నకలు ఇందులో ఉంది. అసలు ప్రతిని ఈ ఉదయం షెరీఫ్ చేతికిచ్చాను. శుక్రవారం మొదలయ్యేది తొమ్మిదోది.