ట్రంపెట్‌ని మళ్ళీ విప్పకండి

ఏమండీ, నేను డ్యూటీకి వెళ్తున్నా. అమ్మినవాడి మీదికి గొడవకి పోకండి, వాడేం మోసం చెయ్యలేదు. పొద్దున ట్రంపెట్ తీసుకెళ్ళి బ్యాండు మాస్టారికి చూపించాను. మీరు కడిగి బిగించేటప్పుడు మూడు వాల్వులూ ఒకదాని చోట ఒకటి పెట్టారట, అందుకే గాలి పోవడం లేదు. ఒక్కోదాని మీద నంబరుంటుందట, చూసుకోవాలిగా. ఆయనే సరిచేశారు. కుట్టుమిషను నూనె పోసిందెవరని అడిగితే నాకు తల కొట్టేసినట్టయింది. కొనేముందే ఆయన్ని అడగమని నెత్తీ నోరూ కొట్టుకున్నాను, వింటేగా. ఆయనిచ్చిన నూనె సీసా బల్ల మీద పెట్టాను. ఇకనుంచి అదే వాడండి, రెండు చుక్కలు చాలు.

అన్నట్టు, చప్పుడు వినపడ్డం లేదు, మీవారికి ఒంట్లో బాగోలేదా అని పక్కింటావిడ అడిగింది. ఆ పాడు మోత లేకపోతే నాకూ ఏం తోచడం లేదు.