ఒక్క బోల్టు తక్కువ

అమ్మాయి వాళ్ళమ్మకి,

నా రాత కోడి గీకినట్టు ఉంటుందని నీకు తెలిసిందే. ఒత్తులు ఎక్కడ పడితే అక్కడ పడతాయి, దీర్ఘాలు మరిచిపోతాను. తప్పులుంటే మన్నించు. అమ్మాయిని చదివి పెట్టమనకు, నాకు సిగ్గు. నువ్వే కూడబలుక్కుని చదువుకో. ఎదుట ఉంటే "ఇదిగో" అని పిలిచేవాణ్ణి. కాగితం మీద ఏమని పిలవాలో తోచక పూటంతా గడిచిపోయింది. కవరు బరువేమిటా అనుకుంటున్నావేమో, లోపల గుడ్డలో చుట్టిన చిన్న మూట ఉంది. ఉత్తరం పూర్తయ్యేదాకా విప్పకు.

ఇక్కడ నేనూ, కోళ్ళూ బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ, అమ్మాయీ, అల్లుడూ బాగున్నారని తలుస్తాను. నీ చీలమండ కట్టు విప్పేశారని రాశావు. ఆ ముక్క మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను.

నువ్వు అడిగినవాటికి జవాబులు. తింటున్నాను. మాడినా తింటున్నాను. నా మోకాలు పరవాలేదు. నల్లకోడి పొదుగుతోంది, దగ్గరికి వెళ్తే నీలాగే కసురుకుంటోంది. చక్కెర డబ్బాకి చీమలు పట్టాయి. నేను మూత పెట్టిన ప్రతి డబ్బానీ వెనకాలే వచ్చి మళ్ళీ బిగించేదానివి. "మీ బిగింపు చీమల్ని పేరంటానికి పిలిచినట్టుంది" అనేదానివి. నిజమే, అవి పిలవకుండానే వస్తున్నాయి.

బండి తుక్కు కింద ఎంతకి పోయిందని అడిగావు. ఎంతకీ పోలేదు. తుక్కు కొట్టుకి ఇచ్చేశానని పోయిన ఉత్తరంలో రాసింది అబద్ధం. నీ సవతి ఇంకా షెడ్డులోనే ఉంది. కోపం తెచ్చుకో, కాగితం మాత్రం చింపకు.

కాలు పెట్టుకునే కడ్డీ బోల్టు తుప్పు పట్టి పుటుక్కున తెగడం, నువ్వు రాళ్ళ మీద పడడం నా కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. ఆ తెగిన ముక్కని జేబులో వేసుకునే తిరిగాను. మన ఇంటి వాలు మీదికి కారు రాదు, మోటారు సైకిల్లా ఎక్కి కూర్చునే ఆ నాలుగు చక్రాల బండి ఒక్కటే ఎక్కుతుంది. కాలు బాగుపడినా నువ్వు ఈ ఎత్తు నడిచి ఎక్కలేవు. బండి లేకపోతే నువ్వు ఇంటికి రావడమే లేదని నాకు అర్థమైంది. అందుకే దాన్ని ముక్కముక్కా విప్పేసి, మళ్ళీ కట్టడం మొదలుపెట్టాను.

తుప్పే కదా మన శత్రువు అని, ఆ బండి కొలతలకి దొరికే స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టుల సెట్టు తెప్పించాను. డబ్బా తెరిస్తే కొత్త గిన్నెల్లా మెరిశాయి. సంబరం పట్టలేక ముందు చక్రాల్ని పట్టి ఉంచే కమ్మీలకీ, బ్రేకులకీ, నీ కాలు కడ్డీకీ అన్నిటికీ అవే వేశాను. చివర్లో ఒక నట్టు సగంలో ఆగిపోయింది. ముందుకీ పోదు, వెనక్కీ రాదు. నా సంగతి తెలుసు కదా, ఇంకా గట్టిగా తిప్పాను. పూర్తిగా బిగుసుకుపోయింది.

ఇక లాభం లేదని వాలు కింద గ్యారేజీ నడిపే మెకానిక్కమ్మని పిలుచుకొచ్చాను. ఆవిడ నట్టు కోసి తీసేసి నవ్వింది.

"స్టీలు మీద స్టీలు పొడిగా ఎక్కిస్తే కరుచుకుంటాయి బాబాయ్. మధ్యన కాస్త గ్రీజు ఉండాలి."

"మా ఇంట్లోనూ అంతేనమ్మా. ఇద్దరం ఒకటే లోహం" అన్నాను.

నవ్వుతూనే వంగి బండి కిందికి చూసింది. నవ్వు ఆగిపోయింది.

"కాలు కడ్డీకి ఇవి పెట్టమని ఎవరు చెప్పారు నీకు?"

"తుప్పు పట్టవు కదమ్మా."

"పట్టవు. కానీ అక్కడ ఉండాల్సినంత గట్టివి కావు. రాళ్ళలో ఎగిరెగిరి పడితే సాగుతాయి, ఆ తర్వాత తెగుతాయి. పిన్నిని మళ్ళీ పడేద్దామనుకున్నావా ఏంటి?"

పానా తీసుకుని కడ్డీ పక్కన కూలబడ్డాను. ఆవిడే మెత్తబడింది.

"మెరిసేవి పై తొడుగులకీ, బురదరేకులకీ ఉంచుకో. బరువు మోసేచోట తల మీద బలం ఎంతో చెప్పే అంకె ఉన్న నల్లవే వెయ్యి. కంపెనీ ఏ అంకె వేసిందో అదే అంకె చూసుకో."

వేసినవన్నీ మళ్ళీ విప్పాను. అందం పైన ఉంచాను, బలం కింద పెట్టాను. మెరిసేవాటికి గ్రీజు కూడా రాశాను.

తర్వాత ఇంకో పని చేశాను. నీ సీటులో దాణా బస్తాలు కట్టి, కడ్డీల మీద రాళ్ళ సంచులు వేలాడదీసి, వాలంతా దిగాను, ఎక్కాను. నీ బరువు అడిగే ధైర్యం లేక ఒక బస్తా ఎక్కువే వేశాను. దారిలో గొర్రెల కాపరి చూసి, "ఏం పెద్దాయనా, కొత్త పెళ్ళాన్ని ఊరేగిస్తున్నావా?" అన్నాడు. "పాతావిడ కోసమేలే" అన్నాను. ఏదీ తెగలేదు, ఏదీ వదులు కాలేదు.

నన్నే అక్కడికి వచ్చి ఉండిపొమ్మన్నావు. దానికి జవాబు రాయలేక ఇంతదాకా సాగదీశాను. నువ్వు లేని ఇల్లు నాకు చేతకావడం లేదు. ఇన్నేళ్ళలో నోటితో ఈ మాట అనలేదు. కాగితం నా మొహం చూడదు కాబట్టి రాశాను.

ఇప్పుడు మూట విప్పు. అందులో ఉన్నది నీ కుడికాలు కడ్డీకి పట్టాల్సిన ఆఖరి బోల్టు. బస్తాల పరీక్ష అయ్యాక దీన్ని ఒక్కదాన్నే విప్పి, దీని చోటు ఖాళీగా వదిలేశాను. నా బిగింపు నువ్వు ఎటూ నమ్మవు. వచ్చేటప్పుడు తెచ్చుకో. గ్యారేజీ దగ్గరికి బండి దించి, పానా పట్టుకుని నిలబడతాను. నీ చేత్తో నువ్వే బిగించి, ఊపి చూసుకుని, అప్పుడు కాలు పెట్టు. మనసు ఒప్పకపోతే బోల్టు అక్కడే ఉంచేసుకో. కోళ్ళని ఎవరికైనా అప్పగించి నేనే దిగివస్తాను. ఈసారి బండిని నిజంగానే తుక్కుకి ఇస్తాను. నిన్ను ఒక్క మాట అనను.

ఏ సంగతో తొందరగా రాయి. చక్కెర డబ్బా మూత అలాగే వదులుగా ఉంది.

ఇట్లు,
అమ్మాయి వాళ్ళ నాన్న