పై వాటా అద్దెకిచ్చిన వేళ

క్లీవ్‌లాండ్, అక్టోబర్ 5

ప్రియమైన తమ్ముడు క్లిఫ్టన్‌కి,

ఫోన్‌లో నీకు వినపడదు, అరిచి అరిచి నా గొంతు పోతోంది. అందుకే ఈ ఉత్తరం. పై వాటాకు మంచి మనిషి దొరికింది. పేరు జెనెల్, ఆసుపత్రి వంటగదిలో పని, ఇద్దరు ఆడపిల్లలు. అద్దెలో ఎక్కువ భాగం ప్రభుత్వమే నేరుగా నాకు పంపుతుందట. కాకపోతే ముందు వాళ్ల మనిషి వచ్చి ఇల్లు చూసి సరేననాలి. నిన్న వచ్చాడు, కాదన్నాడు! బేస్‌మెంట్ మెట్లకు రెయిలింగ్ లేదట, కిందికి దిగనే లేదు. ఇన్నేళ్లుగా దిగుతున్నాను, ఎప్పుడైనా పడ్డానా? నెలాఖరులోగా ఇల్లు కుదరకపోతే జెనెల్‌కు ఆ అద్దె సాయం రద్దయిపోతుంది.

నీ అక్క,
వెర్నా

బర్మింగ్‌హామ్, అక్టోబర్ 11

ప్రియమైన అక్కకి,

కొరివితో తల గోక్కోకు. ఇవాళ రెయిలింగ్ అన్నవాడు రేపు కిటికీ అంటాడు. సర్కారు సాయం లేనివాళ్లకు ఇచ్చెయ్. నీ బేస్‌మెంట్‌లోకి ఎవరూ తొంగి చూడరు.

నీ మేలు కోరే,
క్లిఫ్టన్

క్లీవ్‌లాండ్, అక్టోబర్ 17

ప్రియమైన తమ్ముడికి,

నీ మాట విని, కుదరదని చెబుదామనే జెనెల్‌ను పిలిచాను. వస్తూ వస్తూ చిలగడదుంపలతో 'పై' అనే తీపి వంటకం చేసి తెచ్చింది. "మిస్ వెర్నా, సర్కారు సాయం అనగానే తలుపేసినవాళ్లే అంతా. మీరొక్కరే కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. ఇల్లు దొరక్కపోయినా అది మర్చిపోను" అంది. ఇంక కుదరదనడం మానేసి, వడ్రంగిని రమ్మన్నాను. నువ్వు తిట్టుకో.

వెర్నా

క్లీవ్‌లాండ్, నవంబర్ 2

ప్రియమైన తమ్ముడికి,

వడ్రంగి రెయిలింగ్ బిగిస్తూ అక్కడే ఉన్న, ఇల్లంతా వేడెక్కించే గ్యాస్ హీటర్ వైపు చూసి ఆగిపోయాడు. "అమ్మా, చలి మొదలయ్యాక దీన్ని వెలిగించలేదు కదా?" అన్నాడు. ఇంకా లేదన్నాను. పొగగొట్టం ఊడిపోయి ఉంది. వెలిగిస్తే వాసన లేని విషవాయువంతా నేరుగా దాని మీదున్న నా పడకగదిలోకే వచ్చేదట. "పడుకున్నవాళ్లు పడుకున్నట్టే పోయేవారు" అన్నాడు.

గొట్టం బాగు చేయించాను. సర్కారు మనిషి మళ్లీ వచ్చి సరేనన్నాడు. గడువు దాటకముందే జెనెల్ తాళంచెవి అందుకుంది. "నా పిల్లలకు నీడ ఇచ్చారు" అని నా చేతులు పట్టుకుని ఒకటే ఏడుపు. నేనూ ఏడ్చాను. ఆమె వల్లే నేను బతికి ఉన్నానంటే ఆ పిచ్చిపిల్ల నమ్మడం లేదు.

వెర్నా

బర్మింగ్‌హామ్, నవంబర్ 8

ప్రియమైన అక్కకి,

నా నోరు పడిపోను, ఎంత మాట చెప్పాను! నీ ఉత్తరం చదివిన వెంటనే వెళ్లి బస్సు టికెట్ కొన్నాను. ఈ నెలాఖరులో థాంక్స్‌గివింగ్ పండక్కి వస్తున్నాను. జెనెల్‌నీ పిల్లల్నీ కిందికి భోజనానికి పిలువు. వంటంతా నేనే చేస్తాను, ఆమెను కుర్చీలోంచి లేవనివ్వను.

నువ్వు నా మాట విని ఉంటే, ఈ ఉత్తరం ఎవరికి రాసేవాణ్ణక్కా?

నీ తమ్ముడు,
క్లిఫ్టన్